రోజూ ఆఫీసుకు డీజిల్ కారా? ముందు మీ దారి చెప్పండి

పోయిన నెల మా బావమరిది ఫోను చేశాడు. "బావా, డీజిల్ బండి తీసుకుందామనుకుంటున్నాను. మైలేజీ బాగా వస్తుంది కదా?" అతను హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాడు, ఉద్యోగం రాయదుర్గంలో. నేను కారు సంగతి పక్కన పెట్టి, రోజూ ఏ దారిన వెళ్తావు, ఎంతసేపు పడుతుంది, ఊరికి ఎన్నిసార్లు వెళ్తావు అని అడగడం మొదలుపెట్టాను. "కారు గురించి అడిగితే జాతకం అడుగుతున్నావేమిటి" అని నవ్వాడు. డీజిల్ విషయంలో అడగాల్సింది జాతకమే. ఒకే కారు ఒకరికి బంగారంలా, మరొకరికి తలనొప్పిలా ఉండటం నేను చూశాను. ఆ ఇద్దరూ నేనే.

2021లో నాలుగు మీటర్లలోపు డీజిల్ ఎస్‌యూవీ ఒకటి కొన్నాను. మొదటి రెండేళ్లు కొండాపూర్ ఇంటి నుంచి మాదాపూర్ ఆఫీసుకు ఆరు కిలోమీటర్ల ప్రయాణం. ఉదయం పాతిక నిమిషాలు, సాయంత్రం వాన పడిందంటే ముప్పావుగంట. కొన్న ఎనిమిదో నెలలో డాష్‌బోర్డు మీద అంతకుముందెప్పుడూ చూడని పసుపు దీపం ఒకటి వెలిగింది. నాలుగు రోజులు పట్టించుకోలేదు. ఐదో రోజు బొటానికల్ గార్డెన్ దగ్గర ఎంత తొక్కినా బండి వేగం అందుకోనని మొరాయించింది. సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ తగిలించి చూసి, పొగ ఫిల్టరు మూసుకుపోయిందన్నారు. బండిని నిలబెట్టే అందులోని మసిని కాల్పించారు. ఇంజిన్ ఆయిల్ గడువుకు ముందే మార్చారు. తొమ్మిది వేల చిల్లర బిల్లు చేతిలో పెట్టారు. "సార్, వారానికి ఒకసారైనా ఔటర్ రింగ్ రోడ్డు మీద తిప్పండి" అని సూపర్‌వైజర్ సలహా ఇచ్చాడు. కొనేటప్పుడు షోరూములో ఈ మాట ఎవరూ అనలేదు. నేనూ అడగలేదనుకోండి.

2023లో ఉద్యోగం ఆదిభట్లకు మారింది. ఇప్పుడు గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కుతాను, బొంగ్లూరు దగ్గర దిగుతాను. ఒక్కో వైపు నలభై అయిదు కిలోమీటర్ల వరకు ఉంటుంది. అదే కారు, అదే ఫిల్టరు. ఆ పసుపు దీపం మళ్లీ వెలగలేదు.

ఆ జల్లెడ సంగతి

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. వాటిని అందుకోవాలంటే డీజిల్ కారు పొగగొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉండక తప్పదు. తేనెపట్టులాంటి సన్నని గదులున్న పింగాణీ జల్లెడ అని ఊహించుకోండి. ఇంజిన్ వదిలే మసిని అది పట్టి ఉంచుతుంది. అందుకే కొత్త డీజిల్ కారు వెనక నల్లటి పొగ కనిపించదు. పట్టిన మసి ఎక్కడికీ పోదు కనుక నిండినప్పుడల్లా దాన్ని కాల్చి బూడిద చేయాలి. పొగ బాగా వేడిగా ఉంటే ఆ పని దానంతటదే జరిగిపోతుంది. వేడి చాలనప్పుడు కారులోని కంప్యూటర్ కాస్త అదనంగా డీజిల్ చిమ్మించి ఫిల్టరులో వేడిని 600 డిగ్రీల ప్రాంతానికి తీసుకెళ్తుంది. అందుకు బండి ఆగకుండా, ఒక మోస్తరు వేగంతో పదిహేను ఇరవై నిమిషాలు పరుగెత్తాలి.

కొండాపూర్ నుంచి మాదాపూర్‌కు ఆ పదిహేను నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? ఇంజిన్ వేడెక్కేలోపే ఆఫీసు వస్తుంది. కంప్యూటర్ మసి కాల్చడం మొదలుపెట్టగానే మనం తాళం తీసేస్తాం. సాయంత్రం మళ్లీ మొదలు, మళ్లీ సగంలో ఆపడం. ఇలా నాలుగైదుసార్లు జరిగితే మసి పేరుకుపోవడం ఒక నష్టం. అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండరు గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలవడం రెండోది. ఆయిల్ పుల్లతో చూస్తే మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి కనిపిస్తుంది. పలచబడిన ఆ ఆయిల్‌తో ఇంజిన్ నడపడం మంచిది కాదు. అందుకే నా బిల్లులో ఆయిల్ కూడా చేరింది.

ఆ దీపం వెలిగిన రోజే చేయాల్సిన పని సులువైనది. ట్యాంకులో డీజిల్ పావు వంతుకు తగ్గకుండా చూసుకుని ఔటర్ ఎక్కి, ఒక గేరు తక్కువలో పెట్టి ఇరవై నిమిషాలు నిలకడగా నడిపితే చాలావరకు అదే ఆరిపోతుంది. ఔటర్ దూరమైన వాళ్లు మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద తెల్లవారుజామున రెండుసార్లు తిరిగి రావచ్చు. పదకొండున్నర కిలోమీటర్లు ఒక్క సిగ్నల్ కూడా లేని దారి నగరం నడిబొడ్డున అదొక్కటే. దీపం ఎరుపుకు మారేదాకా ఆగితే మాత్రం సర్వీస్ సెంటరే దిక్కు.

కొన్ని డీజిల్ కార్లలో దీనికి తోడు యాడ్‌బ్లూ అనే యూరియా ద్రావణానికి మరో చిన్న ట్యాంకు ఉంటుంది. అది పూర్తిగా అయిపోతే ఆపిన ఇంజిన్ తిరిగి స్టార్ట్ కాదు. ఖర్చు పెద్దది కాదు, గుర్తుపెట్టుకోవాలి అంతే. కొనే ముందు మీరు చూస్తున్న మోడల్‌కు అది ఉందో లేదో అడగండి.

మెలిక ఇక్కడ ఉంది

పెట్రోలు కంటే డీజిల్ ఎందుకు ఎక్కువ దూరం నడుపుతుందో ఒక్క నిమిషం చూద్దాం, ఎందుకంటే నిర్ణయమంతా దాని మీదే నిలబడి ఉంది. లీటరుకు లీటరు తూస్తే డీజిల్‌లో శక్తి పది శాతానికి పైగా ఎక్కువ. పెట్రోలు ఇంజిన్ గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని సుమారు పదో వంతుకు నొక్కి నిప్పురవ్వతో మండిస్తుంది. డీజిల్ ఇంజిన్ ఒట్టి గాలినే పదహారో వంతు దాకా నొక్కి, ఆ వేడికే ఇంధనం అంటుకునేలా చేస్తుంది. ఎంత గట్టిగా నొక్కితే అంత శక్తి చక్రాలకు అందుతుంది. ఇంకొకటి ఉంది. పెట్రోలు ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారికి ఒక తలుపు ఉంటుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఆ తలుపు ముప్పాతిక వంతు మూసే ఉంటుంది, ఆ సందులోంచి ఊపిరి పీల్చుకోవడానికే ఇంజిన్ కొంత శ్రమపడుతుంది. డీజిల్‌కు ఆ బాధ చాలావరకు లేదు.

దీని ఫలితం ఏమిటంటే, బండి ఎంత నెమ్మదిగా పాకితే డీజిల్‌కు అంత పైచేయి. నా కారు కొండాపూర్ రోజుల్లో లీటరుకు పద్నాలుగున్నర ఇచ్చింది. అదే మోడల్ పెట్రోలు బండి నడిపే నా సహోద్యోగికి అదే దారిలో పదకొండు దాటలేదు. 2024 మార్చిలో లీటరుకు రెండు రూపాయలు తగ్గాక హైదరాబాద్‌లో పెట్రోలు రూ.107.41, డీజిల్ రూ.95.65 దగ్గర నిలిచాయి. ఆ ధరలతో కిలోమీటరుకు అతనికి రూ.9.76, నాకు రూ.6.60 పడింది. తేడా మూడు రూపాయలకు పైనే. ఇప్పుడు ఔటర్ మీద గంటకు తొంభైతో నిలకడగా వెళ్తే నాకు ఇరవైన్నర వస్తోంది, పెట్రోలు బండికి పదహారు వస్తుంది. అంటే రూ.4.67, రూ.6.71. తేడా రెండు రూపాయలే.

చూశారా మెలిక? డీజిల్ కిలోమీటరుకు ఎక్కువ మిగిల్చేది ట్రాఫిక్‌లో. దాని ఫిల్టరుకు గిట్టనిది కూడా ఆ ట్రాఫిక్కే. ఫిల్టరు హాయిగా ఉండే రోడ్డు మీద కిలోమీటరుకు మిగులు తక్కువ, కానీ కిలోమీటర్లు ఎక్కువ కాబట్టి మొత్తం గిట్టుబాటు అవుతుంది. షోరూములో "సిటీలో కూడా పదహారు ఇస్తుంది సార్" అని చెప్పే అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు, సగమే చెబుతున్నాడు.

మైలేజీ గురించి మరో మాట. కంపెనీ ప్రకటించే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద తీసినది. రోడ్డు మీద అది రాదు, రావాలని కోరుకోవడం కూడా అన్యాయమే. డాష్‌బోర్డు చూపించే అంకెను కూడా పూర్తిగా నమ్మకండి. ఒకే బంకులో ట్యాంకు నిండా పోయించి, మీటరు రాసుకుని, మళ్లీ అక్కడే నింపించి భాగించడం మన నాన్నల కాలం నాటి పద్ధతి. ఇప్పటికీ అదే సరైనది.

డబ్బు లెక్క

ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించకుండా చెప్పేవాళ్లం. 2012 ప్రాంతంలో పెట్రోలుకు, డీజిల్‌కు మధ్య తేడా లీటరుకు ముప్పై రూపాయలు దాటింది. అప్పట్లో డీజిల్ ధరను ప్రభుత్వం పట్టి ఉంచేది. 2014 అక్టోబరులో ఆ పట్టు వదిలేసింది. 2020 జూన్‌లో దిల్లీలో కొన్నాళ్లు డీజిల్ ధర పెట్రోలును మించిపోయింది కూడా. మన దగ్గర తేడా పన్నెండు రూపాయల చుట్టూ ఉండటానికి ఒక కారణం తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.20 శాతం, డీజిల్ మీద 27 శాతం కావడం. ఆ పన్నెండు రూపాయల మీద ఆధారపడి పదేళ్ల నిర్ణయం తీసుకుంటున్నామని గుర్తుంటే చాలు.

డీజిల్ రకానికి షోరూములో సాధారణంగా లక్ష నుంచి లక్షన్నర ఎక్కువ అడుగుతారు. లైఫ్ ట్యాక్స్ కారు ధర మీద శాతంగా పడుతుంది కాబట్టి అదీ పెరుగుతుంది. కారు ధర పది లక్షలు దాటితే శాతమే మారిపోతుంది, కనుక హద్దు దగ్గర ఉన్న మోడళ్లలో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. బీమా కొంచెం, ఈఎంఐ మీద వడ్డీ కొంచెం. అన్నీ కలిపి ఆన్‌రోడ్ తేడా లక్షన్నర అనుకుందాం. సర్వీసు బిల్లు కూడా పెట్రోలు కంటే ఏడాదికి రెండు మూడు వేలు ఎక్కువే పడుతుంది, ఆయిల్ ఎక్కువ పడుతుంది, డీజిల్ ఫిల్టరు మార్చాలి.

కొండాపూర్ రోజుల్లో నేను ఏడాదికి అయిదు వేల కిలోమీటర్లు నడిపాను. కిలోమీటరుకు మూడు రూపాయల చిల్లర చొప్పున ఏడాది మిగులు పదహారు వేలకు కాస్త తక్కువ. అందులో తొమ్మిది వేలు ఆ ఒక్క బిల్లే మింగేసింది. అది లేకపోయినా లక్షన్నర తిరిగి రావడానికి తొమ్మిదిన్నరేళ్లు పట్టేది. ఆదిభట్ల దారిలో నెలకు దాదాపు రెండు వేల కిలోమీటర్లు, ఏడాదికి ఇరవై నాలుగు వేలు. కిలోమీటరుకు రెండు రూపాయలే మిగిలినా ఏడాదికి నలభై తొమ్మిది వేలు. మూడేళ్లకు కొంచెం పైన అసలు తీరిపోతుంది.

ఔటర్ టోల్ మాటేమిటని మా ఆవిడ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. కారుకు కిలోమీటరుకు దాదాపు రెండున్నర రూపాయలు తీసుకుంటారు, రానూపోనూ నాకు రోజుకు రెండు వందల పైనే. అంటే డీజిల్ మిగిల్చినదంతా టోల్ గేటు దగ్గర దిగిపోతోంది. పెట్రోలు కారైనా టోల్ అంతే కదా అంటాను. ఆ మాటతో ఆవిడ తృప్తి పడలేదు, నిజానికి నేనూ పడలేదు.

కాబట్టి నా అంచనా ఇది. ఏడాదికి పది వేల కిలోమీటర్లలోపు నడిపేవాళ్లు డీజిల్ వైపు చూడకపోవడమే మేలు. ఇరవై వేలు దాటి, అందులో సగమైనా ఔటరో హైవేనో అయితే ధైర్యంగా కొనవచ్చు. శామీర్‌పేట నుంచి, మేడ్చల్ నుంచి, పటాన్‌చెరు నుంచి ఔటర్ పట్టుకుని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు వచ్చేవాళ్లు ఈ కోవలోకి వస్తారు. మధ్యలో ఉన్నవాళ్లకే అసలు చిక్కు. ఉదాహరణకు, ఎల్బీనగర్ నుంచి నగరం మధ్యగా గచ్చిబౌలికి ముప్పై కిలోమీటర్లు పాకే వాళ్లకు దూరం బాగానే ఉంటుంది, ఇంజిన్ వేడెక్కే సమయమూ దొరుకుతుంది. వాళ్ల ఫిల్టరు నా కొండాపూర్ ఫిల్టరంత తొందరగా అలిగే అవకాశం లేదు. కానీ పంజాగుట్ట దగ్గర గంటసేపు క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అలుగుతుంది. డీజిల్ మాన్యువల్ బండ్ల క్లచ్ సాధారణంగా బరువు, నిమిషానికి 1500 చుట్లు (ఆర్‌పీఎం) దాటేదాకా ఇంజిన్ బద్ధకంగా ఉంటుంది. అలాంటి దారికి డీజిల్ కావాలంటే ఆటోమేటిక్ తీసుకోండి, దానికి మరో లక్షకు పైగా చేర్చుకుని లెక్క మళ్లీ వేయండి. లెక్క తేలకపోతే మియాపూర్ - ఎల్బీనగర్ మెట్రో ఉంది. అమీర్‌పేటలో మారితే రాయదుర్గం దాకా ఏసీలో పోవచ్చు. కార్ల గురించి రాస్తూ మెట్రో ఎక్కమనడం ఏమిటంటారా? అందరికంటే తక్కువ ఖర్చుతో వెళ్లేది ఆ పెట్టెలో నిలబడ్డ మనిషే కదా.

డీజిల్ కాకపోతే ఏది?

ముందు, డీజిల్ కావాలన్నా దొరికేవి ఎన్ని? మారుతి 2020లోనే డీజిల్ మానేసింది. హోండా, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా చిన్న కార్లలోనూ ఇప్పుడు లేదు. హ్యుందాయ్ ఐ20, వెర్నాలలో తీసేసింది. హ్యాచ్‌బ్యాక్‌లో టాటా ఆల్ట్రోజ్ ఒక్కటే మిగిలింది. మధ్యతరగతి సెడాన్లలో ఒక్కటీ లేదు. ఎస్‌యూవీలలో మాత్రం నెక్సాన్, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ, వెన్యూ, సోనెట్, క్రెటా, సెల్టోస్ లాంటివి ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ మారాక నాలుగు మీటర్లలోపు కారులో 1500 సీసీ వరకు డీజిల్ ఇంజిన్‌కు 18 శాతమే. పెట్రోలుకు ఆ హద్దు 1200 సీసీ. అది దాటినవాటికి 40 శాతం. కాబట్టి డీజిల్ ఎస్‌యూవీ కొనాలనుకుంటే నాలుగు మీటర్ల హద్దు లోపలే వెతకడం లాభం.

పెట్రోలు. చిన్న దూరాలకు, తక్కువ వాడకానికి ఇంతకంటే నెమ్మదైన మిత్రుడు లేడు. ఫిల్టరు భయం లేదు, నిశ్శబ్దం ఎక్కువ, ధర తక్కువ. అయితే ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు (ఈ20). ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాత ప్రమాణాలతో తయారైన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 ప్రణాళికలోనే అంచనా వేశారు. కొత్తగా ఈ20కి తగ్గట్టు తయారైనవాటిలో నష్టం ఒకటి రెండు శాతం. పెట్రోలు కారు మైలేజీ గురించి నాలుగేళ్ల క్రితం మీ స్నేహితుడు చెప్పిన అంకెను అందుకే కాస్త తగ్గించి వేసుకోండి.

హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌కు తోడు బ్యాటరీతో నడిచే మోటారూ ఉన్న బండి. నా దృష్టిలో నగరం మధ్య రోజుకు యాభై కిలోమీటర్లు నడిపే మనిషికి డీజిల్‌ను ఓడించింది ఇదే. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ రకాలకు కంపెనీలు ప్రకటించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో ఇరవై వచ్చినా కిలోమీటరుకు రూ.5.37, నా డీజిల్ కంటే తక్కువ. కారణం తెలిసిందే. సిగ్నల్ దగ్గర, పాకే చోట ఇంజిన్ ఆగిపోయి బ్యాటరీ నడిపిస్తుంది, బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తి మళ్లీ బ్యాటరీలోకి చేరుతుంది. ట్రాఫిక్ ఎంత ఎక్కువైతే దానికి అంత పండగ. నొప్పి ధరలోనే. సెడాన్ కావాలంటే హోండా సిటీలో హైబ్రిడ్ ఉంది, అదీ చవక కాదు. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకు ఈ పైచేయి కరిగిపోతుంది.

సీఎన్‌జీ గురించి క్లుప్తంగా చెబుతాను. హైదరాబాద్‌లో కిలో ధర లీటరు డీజిల్‌కు అటూ ఇటూగానే ఉంటుంది, చిన్న కారు కిలోకు పాతిక దాకా ఇస్తుంది. లెక్క అద్భుతం. డిక్కీ సగం సిలిండరుకు పోతుంది, బంకు దగ్గర ఆటోల వరుసలో నిలబడే ఓపిక కావాలి. నాకు లేదు.

ఎలక్ట్రిక్ కారు మీద జీఎస్‌టీ 5 శాతం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము లేవు. ఒక యూనిట్ కరెంటుకు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది. ఇంటి మీటరు పై శ్లాబులో పడి యూనిట్‌కు పది రూపాయలైనా కిలోమీటరుకు రూపాయిన్నర. నా కొండాపూర్ దారికి సరైన బండి నిజానికి ఇదే, అప్పుడు తోచలేదు. సొంత ఇల్లు, సొంత పార్కింగ్ ఉంటే రెండో ఆలోచన అక్కర్లేదు. అపార్టుమెంటులో ఉండేవాళ్లు షోరూముకు వెళ్లే ముందు అసోసియేషన్ ప్రెసిడెంటు ఇంటికి వెళ్లండి. సెల్లార్‌లో మీ గడి దగ్గరకు మీ మీటరు నుంచి తీగ లాగనిస్తారా లేదా అన్నది ఆయన చేతిలో ఉంది. మా అపార్టుమెంటులో ఆ చర్చ మూడు సమావేశాలు నడిచింది, టీ, బిస్కెట్ల ఖర్చుతో సహా.

పాత డీజిల్ మీద మనసు పడితే

సెకండ్ హ్యాండ్‌లో 2020కి ముందు నాటి బీఎస్-4 డీజిళ్లు చాలా కనిపిస్తాయి. చిన్న కార్లలో వాటికి ఈ ఫిల్టరు బెడద లేదు, స్థానిక షెడ్డులో మెకానిక్ కళ్లు మూసుకుని బాగు చేస్తాడు. పొగ విషయంలో మనస్సాక్షిని కాస్త పక్కన పెట్టాల్సి వస్తుంది. దిల్లీ రిజిస్ట్రేషన్‌తో వచ్చే బండ్లు కొంచెం చవకగా దొరుకుతాయి. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో దిల్లీ, ఆ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను నిషేధించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ నిబంధన మన నగరానికి లేదు. కానీ అక్కడి నుంచి తెచ్చిన కారుకు నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబరు మార్చాలి. ఆ ఖర్చు కలిపితే చవక సగం ఆవిరవుతుంది. ఇక్కడి బండి అయితే 2020 అక్టోబరు వరదల్లో మునిగిందా అన్నది తప్పక చూడండి. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద చారలు దాగవు.

మన నగరానికీ దిల్లీ నిబంధన వస్తుందా అని చాలామంది అడుగుతారు. పెట్రోలియం శాఖ నియమించిన తరుణ్ కపూర్ కమిటీ 2023లో పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాల్లో 2027 నాటికి డీజిల్ నాలుగు చక్రాల బండ్లను నిషేధించాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం దాన్ని ఆమోదించలేదు. నేను దీన్ని చూసి భయపడను గానీ, పన్నెండేళ్లు వాడతాననే ధీమాతో డీజిల్ కొనను. మూడు నాలుగేళ్లలో అసలు రాబట్టుకోగలిగితేనే కొంటాను.

అన్నట్టు, డీజిల్ కారు కొన్నవాళ్లు బంకులో మూత తెరిచేటప్పుడు "డీజిల్" అని గట్టిగా చెప్పండి, ఫోను చూస్తూ కూర్చోకండి. పొరపాటున పెట్రోలు పోస్తే తాళం తిప్పవద్దు. స్టార్ట్ చేయనంతవరకు ట్యాంకు ఖాళీ చేయించే ఖర్చే. స్టార్ట్ చేశారా, ఖర్చు ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల దాకా వెళ్తుంది.

ఇక మా బావమరిది. ఆఫీసుకు పద్నాలుగు కిలోమీటర్లు, ఊరు సూర్యాపేట దగ్గర. "నెలకు రెండుసార్లు ఊరికి వెళ్తాను బావా, హైవే బాగానే పడుతుంది" అన్నాడు. నిజమే అయితే నెలకు పదకొండు వందల కిలోమీటర్లు దాటుతాయి, సగానికి దగ్గరగా హైవే, ఫిల్టరుకు రెండు వారాలకోసారి మంచి పరుగు. డీజిల్ ఫరవాలేదనిపించే జాతకమే. అయినా ఎందుకో అనుమానం వచ్చి, ఇప్పుడున్న కారు ఫాస్టాగ్ ఖాతాలో ఏడాది జమాఖర్చు తీయమన్నాను. సూర్యాపేట దారిలో ఉన్న పంతంగి టోల్ గేటు పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి, రెండుతో భాగించమన్నాను. కాసేపు ఫోనులో ఏమీ వినపడలేదు.

"ఆరు" అన్నాడు. "అందులో ఒకటి సంక్రాంతి, ఒకటి దసరా."

మర్నాడు సాయంత్రం పెట్రోలు బండి టెస్ట్ డ్రైవ్‌కు వెళ్తున్నానని మెసేజ్ పెట్టాడు. ఊళ్లో అత్తయ్యకు మాత్రం ఆ ఆరు సంగతి చెప్పవద్దన్నాడు.